నీటి ప్రమాదాల నుంచి బాలల రక్షణ: బంగ్లాదేశ్ పరిశోధనలు చూపిన మార్గం

నీట మునిగి సంభవించే మరణాలను విధివ్రాతగానో, తల్లిదండ్రుల ఏమరుపాటుగానో భావించడం పరిపాటి. అయితే ఇవి చాలావరకు నివారించదగినవేనని ప్రజారోగ్య పరిశోధనలు నిరూపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వీరిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు బాలలు. మృతుల్లో 92 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే.

సర్వేలో వెల్లడైన వాస్తవాలు

బంగ్లాదేశ్‌లో 2003లో ఇంటింటా నిర్వహించిన ఆరోగ్య, గాయాల సర్వే ఈ సమస్య తీవ్రతను వెలుగులోకి తెచ్చింది. నీట మునిగిన పిల్లలు అనేక సందర్భాల్లో ఆసుపత్రికి చేరకముందే మరణిస్తారు. అందువల్ల ఆసుపత్రి రికార్డుల్లో ఈ మరణాలు నమోదు కావు. ఏడాది నిండిన బాలల మరణాలకు నీట మునగడమే ప్రధాన కారణమని సర్వేలో తేలింది. ప్రమాదాల్లో అధికభాగం ఇంటికి సమీపంలోని చెరువులు, కుంటలు, గుంతల్లో, ఉదయం నుంచి మధ్యాహ్నం లోపు జరుగుతున్నట్లు పరిశోధకులు గుర్తించారు. తల్లి ఇంటి పనుల్లో, తండ్రి పొలం పనుల్లో నిమగ్నమై, పెద్ద పిల్లలు బడికి వెళ్లే సమయమది.

అంచల్ కేంద్రాలు, ఈత శిక్షణ

ఈ అవగాహన ఆధారంగా బంగ్లాదేశ్ గాయాల నివారణ, పరిశోధన కేంద్రం రెండు కార్యక్రమాలను రూపొందించింది. మొదటిది అంచల్ శిశు సంరక్షణ కేంద్రం. అంచల్ అనగా బెంగాలీలో చీర కొంగు. గ్రామానికి చెందిన మహిళే శిక్షణ పొంది, ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు ఐదేళ్లలోపు పిల్లలను తన పర్యవేక్షణలో ఉంచుకుంటుంది. రెండవది నాలుగేళ్లు దాటిన పిల్లలకు ప్రాణరక్షక ఈత శిక్షణ. గ్రామ చెరువులోనే వెదురు వేదిక నిర్మించి దీనిని నేర్పుతారు. 2012లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, అంచల్ కేంద్రాల్లో చేరిన పిల్లల్లో నీట మునిగి మరణించే ప్రమాదం 80 శాతానికి పైగా, ఈత నేర్చిన పిల్లల్లో 90 శాతానికి పైగా తగ్గింది. బంగ్లాదేశ్ ప్రభుత్వం 2022లో 16 జిల్లాల్లో 8,000 కేంద్రాల ఏర్పాటుకు ఆమోదం తెలిపింది.

భారతదేశంలో చర్యలు

ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2021 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం మేరకు ఏటా జూలై 25ను ప్రపంచ నీటిమునక నివారణ దినంగా పాటిస్తున్నారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం, మన దేశంలో 2022లో 38 వేల మందికి పైగా నీట మునిగి మరణించారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో నివారణ వ్యూహ పత్రాన్ని విడుదల చేసింది.

అంగన్‌వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన వారికి ఉద్దేశించినది. అప్పుడే నడక నేర్చి, ప్రమాదమంటే ఏమిటో తెలియని ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలు పగటివేళ ఎవరి సంరక్షణలో ఉంటున్నారన్నది అధికారులు గ్రామాలవారీగా పరిశీలించదగిన అంశం. ఆరు నెలల వయసు నుంచి పిల్లలను చేర్చుకునే పాల్నా పథకం కింద అంగన్‌వాడీ కేంద్రాల్లోనే శిశు సంరక్షణ వసతి కల్పించే వీలుంది.

ప్రజలు పాటించవలసిన జాగ్రత్తలు

* ఇంటి పరిసరాల్లోని బావులు, తొట్లు, సంపులకు మూతలు అమర్చాలి. కుంటల చుట్టూ కంచె వేయాలి.
* మునుగుతున్న వారి కోసం ఈత రానివారు నీటిలోకి దూకరాదు. గట్టుపై నుంచే కర్ర, తాడు లేదా చీర అందించాలి.
* బయటకు తీసిన వారిని తలకిందులు చేయడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం తగదు. అందువల్ల విలువైన సమయం వృథా అవుతుంది. శ్వాస ఆగితే తక్షణమే నోటి ద్వారా కృత్రిమ శ్వాస అందిస్తూ, ఛాతీపై లయబద్ధంగా నొక్కాలి. వెంటనే 108కు ఫోన్ చేయాలి.