గుమాస్తా బల్ల నుంచి కంప్యూటరు తెర దాకా



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగారు. జమాబందీ గురించో, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజుల గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటిని నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను కంప్యూటరు తెర గురించి రాస్తున్నాను. తెర మీది రంగులు, అక్షరాల సైజు, బొమ్మల అమరిక మనకు వీలుగా మార్చుకోవటం ఎలా మొదలయింది, అది మన ఆఫీసులకు ఎలా వచ్చింది, వచ్చి కూడా ఎందుకు అందలేదు అన్నది నా విషయం. ఇదేమి చరిత్ర అని నవ్వకండి. ఇది తెలియకపోవటం వల్ల ఒక మంచి ఉద్యోగి తన సర్వీసు చివరి సంవత్సరాలు రికార్డు గదిలో గడిపాడు. అందులో నా పాలు కూడా ఉంది.

ఎవరి బల్ల వారిది

నేను 1974లో టైపిస్టుగా చేరాను, 2009లో రిటైరయ్యాను. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, చివరకు మన గూడూరు. కర్నూలు జిల్లా గూడూరు సుమండీ. మన తపాలా ఎన్నిసార్లు నెల్లూరు వైపు గూడూరుకు పోయి తిరిగి వచ్చిందో పాతవారికి గుర్తుండే ఉంటుంది.

ఇన్ని ఆఫీసుల్లో ఏ ఇద్దరు గుమాస్తాల బల్లలూ ఒకేలా ఉండగా నేను చూడలేదు. ఒకరు తపాలా కుడివైపు పెట్టుకుంటారు, ఒకరు ఎడమవైపు. ఒకరికి పర్సనల్ రిజిస్టరు కళ్ల ముందు ఉండాలి, ఒకరికి సొరుగులో ఉండాలి. ట్యాగుల కట్ట, గుండుసూదుల డబ్బా, స్టాంపు ప్యాడు ఎవరి చోటు వారికి ఉండేది. కొత్త సీటుకు మారిన రోజు ఎవరైనా మొదట చేసే పని బల్ల సర్దుకోవటమే. ఎంత కఠినమైన ఆఫీసరైనా దానికి అభ్యంతరం చెప్పేవాడు కాదు. చెయ్యి చాపితే కాగితం దొరకాలి, అప్పుడే పని సాగుతుందని ఆయనకూ తెలుసు.

మన బల్లే తెర మీదికి ఎక్కింది

కంప్యూటరు తెరకు 'డెస్క్‌టాప్' అని పేరు ఎందుకు వచ్చిందో చాలామంది ఆలోచించరు. డెస్క్‌టాప్ అంటే బల్ల పైభాగం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1973లో 'ఆల్టో' అనే కంప్యూటరు తయారయింది. అక్కడి పని ఆధారంగా 1981లో 'స్టార్' అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. అంతకుముందు కంప్యూటరుతో పని చేయాలంటే ఆజ్ఞలు కంఠస్థం చేసి టైపు చేయాలి. స్టార్ తెర మీద మాత్రం కాగితం, ఫోల్డరు, ఫైళ్ల సొరుగు, వచ్చే తపాలా బుట్ట, పోయే తపాలా బుట్ట బొమ్మలుగా కనబడేవి. అంటే వారు అనుకరించింది మరెవరినో కాదు, ఆఫీసు గుమాస్తా బల్లనే!

1984 జనవరిలో యాపిల్ కంపెనీ 'మెకింటాష్' వచ్చింది. అందులో తెర వెనుక కనబడే నేతను ఎవరికి వారు మార్చుకోవచ్చు. 8 అడ్డం, 8 నిలువు చిన్న గళ్లుంటాయి. ఏ గడి నల్లగా ఉండాలి, ఏ గడి తెల్లగా ఉండాలి అన్నది మనం నొక్కి చెప్పాలి. ఆ నమూనా తెరంతా పరుచుకుంటుంది. ఆ యంత్రం బొమ్మలు గీసిన సుసాన్ కేర్ అనే మహిళ గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడి నింపుతూ వాటిని తయారుచేసింది.

ఇది చదివినప్పుడు నాకు ఎమ్మిగనూరు గుర్తుకొచ్చింది. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో అంచు డిజైనును ముందు గళ్ల కాగితం మీద గీయటం చూశాను. ఒక గడికి ఒక పోగు లెక్క. మగ్గం అదే, నూలు అదే, కట్టేవారి ఇష్టాన్ని బట్టి అంచు మారుతుంది. తెర సంగతీ అంతే. లోపల లెక్కలు చేసే యంత్రం మారదు, పైకి కనబడే అంచు మారుతుంది.

మైక్రోసాఫ్ట్ కంపెనీ మొదటి విండోస్ 1985 నవంబరులో వచ్చింది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో రంగుల జాబితాలు తయారుగా ఉండేవి, అందులో ఒకటి ఎంచుకుంటే చాలు. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95తో స్టార్టు బటను, కింద పట్టీ వచ్చాయి. మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చూపు తక్కువైనవారి కోసం అక్షరాలు పెద్దవి చేసుకొనే ఏర్పాటు, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు కనబడేటట్లు చేసే ఏర్పాటు అప్పటికే అందులో ఉన్నాయి. తర్వాత వచ్చిన విండోస్ 98లోనూ ఉన్నాయి. ఈ వాక్యం దయచేసి గుర్తు పెట్టుకోండి.

మన ఆఫీసుకు వచ్చిన రోజు

1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగు టైపు మిషన్లు ఒక్కొక్కటే ఆఫీసులకు చేరాయి. వాటి మీద వేళ్లు అరగదీసుకున్న వాళ్లం మనం. ఆ మిషను అక్షరం కలెక్టరుకైనా బంట్రోతుకైనా ఒకే సైజు. కనబడకపోతే కళ్లద్దాలు మార్చుకోవాలి గానీ మిషను మారదు. ఆ అలవాటు మన ఎముకల్లోకి దిగిపోయింది. మనిషే యంత్రానికి తగ్గట్టు వంగాలి అనుకున్నాం.

1998 నవంబరులో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లలోకి మారాయి. ఆ వెనుకనే ఇతర శాఖలకూ యంత్రాలు వచ్చాయి. నేనున్న ఆఫీసుకు 1999లో ఒకటి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, మానిటరుకు కుంకుమ బొట్టు పెట్టి, గదికి కొత్త కర్టెన్లు వేశాం. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. శిక్షణకు నన్ను పంపి, తిరిగి రాగానే ఆ గది తాళం నాకే ఇచ్చారు. ఆఫీసరు గారి నోటి ఆజ్ఞ ఒకటే: "ఉన్నది ఉన్నట్లు ఉండాల, ఎవ్వరూ ఏ సెట్టింగూ ముట్టుకోకూడదు." ఖరీదైన వస్తువు, చెడిపోతే జవాబు చెప్పాలి అన్న భయం ఆయనది. ఆ భయం నాకూ పట్టుకుంది.

మా సీనియర్ అసిస్టెంటు ఒకాయన ఉండేవారు. పేరు రాయను, వారి కుటుంబం ఈ సంచిక చదువుతుంది. డ్రాఫ్టు రాయటంలో జిల్లాలో ఆయనకు పేరుండేది. ఆయన రాసిన నోటుకు పైఆఫీసులో ఎదురు ప్రశ్న వచ్చేది కాదు. షుగరు వల్ల చూపు మందగించింది. చేతిరాత, పెద్ద కాగితం అయితే ఇబ్బంది లేదు. స్టేట్‌మెంట్లన్నీ కంప్యూటరులో ఎక్కించాలని ఉత్తర్వు వచ్చాక తెరకు ముక్కు ఆనించి కూర్చునేవారు.

ఒకరోజు నన్ను పిలిచి, "ఏమప్పా, ఈ అక్షరాలు చీమల మాదిరి కనపడతాండాయి. కొంచెం పెద్దవి చేయరాదా?" అని అడిగారు.

"అట్ల మార్చేదానికి లేదు సార్. ముట్టుకోవద్దని చెప్పినారు" అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు. నెల తిరగకముందే ఒక స్టేట్‌మెంటులో అంకెలు తారుమారయ్యాయి. మెమో వచ్చింది. ఆ తర్వాత ఆయన సీటు మార్చి రికార్డు గదికి వేశారు. అంత చక్కటి డ్రాఫ్టింగు చెయ్యి మిగిలిన సర్వీసంతా పాత కట్టలకు చీటీలు అంటించింది. సర్వీసు పుస్తకంలో ఆ మెమో అలాగే ఉండిపోయింది.

నా నోటు పుస్తకం

2010లో మా అబ్బాయి ఇంటికి విండోస్ 7 ఉన్న కంప్యూటరు తెచ్చాడు. అప్పటికి నాకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పదేళ్ల మనవరాలు, "తాతా, నీకు కనపడ్డంలేదు కదా" అంటూ ఎక్కడో రెండు చోట్ల నొక్కింది. అక్షరాలన్నీ రేగుపండ్లంత అయినాయి. ఇది కొత్తగా వచ్చిన సదుపాయం కాబోలు అనుకున్నాను.

కొన్నాళ్లకు పెట్టె సర్దుతుంటే 1999 నాటి నా శిక్షణ నోటు పుస్తకం దొరికింది. మూడో రోజు పేజీలో నా చేతిరాతతోనే ఉంది: 'డిస్‌ప్లే - అప్పియరెన్స్ - రంగు, అక్షరాల సైజు మార్చవచ్చు.' కింద గీత కూడా గీశాను. అంటే నాకు చెప్పారు, నేను రాసుకున్నాను, మరచిపోయాను. ఆయన అడిగిన రోజు ఆ పుస్తకం నా సొరుగులోనే ఉంది.

మనసు ఆగక బస్సెక్కి వారి ఊరు వెళ్లాను. అప్పటికి వారికి చూపు దాదాపు పోయింది. పుస్తకంలోని ఆ ముక్క చదివి వినిపించి, తప్పు నాదేనని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా చేతకానితనం కాదన్నమాట. ఇన్నేండ్లూ నాకే రాలేదనుకుంటి" అన్నారు. కాఫీ ఇప్పించి బస్సు దాకా మనిషిని తోడు పంపారు. మరి రెండేళ్లకు ఆయన పోయారు.

తెలుగు అక్షరం తెరకెక్కటం

అక్షరం పెద్దదయితే చాలదు, మన అక్షరం కావాలి. మొదట్లో తెలుగు ఫాంట్లు తయారుచేసిన ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒక యంత్రంలో టైపు చేసిన ఉత్తరం ఇంకో యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. భారతీయ లిపులకు ప్రభుత్వం 1991లో ఒక ప్రమాణం ప్రకటించింది. అదే సంవత్సరం ప్రపంచ భాషలన్నిటికీ కలిపి 'యూనికోడ్' వచ్చింది, అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పి తోపాటు 'గౌతమి' అనే తెలుగు ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు చేసి ఇచ్చారు. తర్వాత పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న పేర్లతోనూ ఉచిత ఫాంట్లు వచ్చాయి. రాయల వారి భువనవిజయమంతా తెర మీద కొలువు తీరిందన్నమాట! హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ వాలంటీర్లు లినక్స్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. విండోస్‌లోనూ మెనూలను తెలుగులో చూసుకొనే ఏర్పాటు వచ్చింది.

కంపెనీవారు చేసిందల్లా మనం ఒప్పుకోవాలని కూడా లేదు. 2012లో విండోస్ 8 నుంచి స్టార్టు బటను తీసివేశారు. జనం గోల పెడితే 2013లో 8.1తో మళ్లీ తెచ్చి పెట్టారు. పి.ఆర్.సి.ల కోసం, డి.ఎ.ల కోసం పోరాడిన మనకు ఇది కొత్త పాఠం కాదు. అడిగితేనే వస్తుంది.

కొత్త యంత్రం వచ్చింది

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీవారి ఉచిత మద్దతు ముగిసింది. అందువల్ల మన సంఘం గదిలో పాతది తీసి విండోస్ 11 ఉన్న యంత్రం పెట్టారు. స్టార్టు బటను మధ్యలోకి పోయింది. అక్షరాలు సన్నబడ్డాయి. పెన్షన్ స్లిప్పు చూసుకోవటానికి వచ్చిన ఇద్దరు మిత్రులు, "ఇది మనవల్ల కాదప్పా" అని లేచిపోయారు. ఆ మాట విన్నప్పుడు నాకు రికార్డు గది కళ్లకు కట్టింది. వెంటనే పోయి వారిని వెనక్కి పిలుచుకొచ్చి, వారి ఎదుటనే ఈ కింది పనులు చేశాను. ఇంట్లో మీరూ చేసుకోవచ్చు.

1. కీబోర్డు మీద విండోస్ గుర్తు మీట, ఐ అక్షరం కలిపి నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది.

2. అందులో యాక్సెసిబిలిటీ, తర్వాత టెక్స్ట్ సైజ్. అక్కడి మీటను జరిపితే అక్షరాలు 225 శాతం దాకా పెరుగుతాయి. అప్లై నొక్కటం మరవవద్దు.

3. తెల్లని వెలుగు కళ్లకు గుచ్చుకుంటే అక్కడే కాంట్రాస్ట్ థీమ్స్ ఉంటాయి. నల్లని తెర మీద లేత అక్షరాలు కనబడేది ఒకటి ఎంచుకోండి.

4. స్టార్టు బటను పాత చోటికి రావాలంటే పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో 'లెఫ్ట్' అని పెట్టండి.

5. తెలుగు కావాలంటే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగును చేర్చుకోండి. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగులుతాయి, కంగారు పడవద్దు.

వీటివల్ల యంత్రం చెడిపోదు. నచ్చకపోతే వెనక్కి మార్చుకోవచ్చు. మన మిత్రులిద్దరూ ఆ రోజు స్లిప్పులు తామే తెరిచి, తామే చదువుకొని వెళ్లారు. పరాయివారి చేతికి పాస్‌వర్డు ఇవ్వవలసిన పని పడలేదు. అందులో ఒకాయన నేపథ్యంగా ఎమ్మిగనూరు రాఘవేంద్రస్వామి బొమ్మ పెట్టమన్నాడు. మంత్రాలయం అనాలి గదా అని నేనంటే, "మా ఇంట్లో పటం ఎమ్మిగనూరులో కొన్నదిలే" అన్నాడు. ఆ పటాన్నే ఫోను కెమెరాతో తీసి పెట్టాం.

తెర మీది అక్షరం సైజు అలంకారం కాదు. అది మన బల్ల. మన కళ్లకు, మన చేతికి తగ్గట్టు సర్దుకోవటం మన హక్కు. ఇంట్లో పిల్లలకు నా మనవి ఒక్కటే. పెద్దలు "కనపడటం లేదు" అంటే ఆ పని మీరే చేసి పెట్టేయకండి. కనబడేటట్లు చేసి, కుర్చీ వారికి ఇవ్వండి.

ప్రతి మంగళవారం ఉదయం 10 నుంచి 12 దాకా నేను సంఘం గదిలో ఉంటాను. ఎవరికైనా అక్షరాలు చీమల మాదిరి కనబడుతుంటే రండి. ఇప్పుడు గదికి తాళం లేదు, చెప్పులు విడవనక్కరలేదు.

శెలవు.