డీఎన్‌ఏ మారలేదు, రంగు మారింది! ఒక ఈస్ట్ కథ

అమ్మానాన్నల నుంచి మనకేం వస్తుంది అంటే టక్కున "జీన్స్" అంటాం. మరి డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారకుండా, కొత్త లక్షణం పిల్లలకి వెళ్తుందా? దీనికి జవాబు దొరకడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది.

1965. బ్రిటన్‌కి చెందిన బ్రియాన్ కాక్స్ ఈస్ట్ మీద పరిశోధన చేస్తున్నారు. అదేనండీ, బ్రెడ్డు పొంగించే ఈస్ట్. ఆయన దగ్గరున్న రకంలో అడెనైన్ తయారుచేసే జీన్ పాడైంది. దాంతో కణాల్లో ఎర్ర రంగు పేరుకోవాలి. కానీ కొన్ని ఎర్రగా, కొన్ని తెల్లగా పెరిగాయి. రెండింటినీ కలిపి చూశారు. మామూలు జీన్ అయితే, పుట్టే నాలుగు స్పోర్లలో రెండు అటు, రెండు ఇటు పోవాలి. ఇక్కడ నాలుగూ తెల్లవే! ఆ కనిపించని కారణానికి ఆయన "సై" అని పేరు పెట్టారు. 1971లో ఫ్రాంస్వా లాక్రూట్ ఇలాంటిదే ఇంకోటి చూపించారు. దాని పేరు యూఆర్‌ఈ3. రెండింటికీ కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

1994లో అమెరికాలో రీడ్ విక్‌నర్ ఒక మాటన్నారు: ఇది జీన్ కాదు, ప్రోటీన్ ఆకారం! అంటే ప్రియాన్.

ఎలాగంటే, సప్35 అనే ప్రోటీన్ పని "ఇక్కడ ఆగు" అన్న సంకేతాన్ని చదవడం. అది మడత మారి ముద్దకడితే ఆ పని సరిగ్గా జరగదు. కణం ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకెళ్లి, పాడైన జీన్ నుంచి కూడా పూర్తి ప్రోటీన్ తయారుచేస్తుంది. అందుకే తెలుపు. గిన్నెడు పాలకి చెంచాడు తోడు చాలదూ? అలాగే ముద్దకట్టిన ముక్క, మంచి ప్రోటీన్‌ని కూడా తనలాగే మార్చేస్తుంది. హెచ్‌ఎస్‌పీ104 అనే ఇంకో ప్రోటీన్ ఆ ముద్దల్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు పిల్లకణంలోకి వెళ్తాయి. తోడు అందినట్టే!

2004లో గట్టి రుజువు దొరికింది. ల్యాబ్‌లో తయారుచేసిన సప్35 పోగుల్ని ఈస్ట్‌లోకి ఎక్కిస్తే, కణాలు మారిపోయాయి. పోగు ఆకారాన్ని బట్టి లక్షణం కూడా మారింది.

మనకెందుకంటారా? మ్యాడ్ కౌ జబ్బు కూడా ప్రియాన్ వల్లే వస్తుంది. ఈస్ట్ ప్రియాన్లు మనకి అంటుకోవు కాబట్టి, ఆ మడత ఎలా పాకుతుందో వీటిలో భయం లేకుండా చూడొచ్చు. వారసత్వం అంటే రాత ఒక్కటే కాదు ఫ్రెండ్స్, ఆకారం కూడా!