వసంతపు పూలకు నారు పోయడం

పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్, పాన్సీ, స్నాప్‌డ్రాగన్, లార్క్‌స్పర్, స్వీట్ పీ వంటివి చలిలో పెరిగి, ఎండలు ముదరకముందే పూసే మొక్కలు. పంచాంగంలో వసంతమంటే చైత్ర వైశాఖాలు. తెలుగు నేలపై అప్పటికే ఎండ మండుతుంటుంది, ఉగాదికల్లా ఈ మొక్కల్లో చాలావరకు వడలిపోతాయి. అందువల్ల జనవరి నుంచి మార్చి దాకా పూలుండేలా వెనక్కి లెక్క వేసుకుని విత్తుకోవాలి. చాలా రకాలు విత్తిన 10 నుంచి 12 వారాలకు పూతకొస్తాయి.

తెలంగాణ, రాయలసీమల్లో సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు ఆఖరు దాకా మంచి అదను. కోస్తాలో అవి తుపానుల రోజులు. అక్కడ నారును వాన జల్లు తగలని చోట పెంచడం మేలు. డిసెంబరు దాటాక విత్తితే మొక్క ఎదగకముందే ఎండలు వచ్చిపడతాయి.

విత్తనం మొలవకపోతే అందరూ విత్తనాన్నే తప్పుపడతారు. చాలాసార్లు తప్పు లోతుది. పెటూనియా విత్తనాలు గ్రాముకు దాదాపు 10 వేలు తూగుతాయి. అంత నలుసు విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపి, తడిపి ఉంచిన కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు మిశ్రమం మీద చల్లి వదిలేయాలి. మొలవడానికి దానికి వెలుతురు కావాలి కనుక పైన మట్టి కప్పకూడదు. పైనుంచి నీళ్ళు పోస్తే విత్తనమంతా ఓ మూలకు కొట్టుకుపోతుంది. కుండీని నీళ్ళ పళ్ళెంలో కాసేపు ఉంచితే అడుగు నుంచి తేమ పైకెక్కుతుంది. పాన్సీ తీరు వేరు: దానికి చీకటీ, చల్లదనమూ కావాలి. స్వీట్ పీ గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి విత్తాలి.

మొలిచిన నారుకు పెద్ద శత్రువు నారుకుళ్ళు తెగులు. పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవుల వల్ల కాండం నేల దగ్గర నీరుపట్టి మెత్తబడి, మొలక పక్కకు ఒరిగిపోతుంది. ఒత్తుగా చల్లడం, సాయంత్రాలు తడపడం దీన్ని పెంచుతాయి. పలచగా చల్లి, పొద్దున పూట తడిపి, గాలి ఆడనిస్తే చాలావరకు మందుల అవసరమే రాదు.

నాలుగైదు ఆకులు తొడిగాక, చల్లబడిన సాయంత్రం వేళ నారు నాటాలి. లార్క్‌స్పర్, పాపీలకు తల్లివేరు కదిలితే గిట్టదు, నేరుగా మడిలోనే విత్తాలి. నాస్టర్షియంకు బలమైన ఎరువు వేస్తే ఆకులే తప్ప పూలు కనబడవు.

వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచేస్తే పూత ఇంకొన్నాళ్ళు సాగుతుంది. వచ్చే ఏటికి విత్తనం దాచుకోవాలంటే నాటు రకాలనే ఎంచుకోవాలి. హైబ్రిడ్ మొక్కల విత్తనం నుంచి అదే రంగు, అదే ఆకారం రావు.