దోసకాయా? ఏ దోసకాయ?

పోయిన ఎండాకాలం మా టీములో అందరూ తలో వంటకం తేవాలన్నారు. ఒక కొలీగ్ వీగన్. పాలు, పెరుగు, నెయ్యి ఏవీ ముట్టడు. వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది గానీ, పాలచుక్క తగలని వంటలు మనకి కొత్తా? "దోసావకాయ నేను తెస్తా" అని గొప్పగా ఒప్పేసుకున్నాను.

బెంగుళూరులో మా రూం పక్క సూపర్ మార్కెట్లో "కుకుంబర్" అని రాసున్న చోట రెండు కిలోలు కొన్నాను. ముక్కలు కోసి ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపి మూత పెట్టాను. పొద్దున్న చూస్తే డబ్బా నిండా నీళ్ళు, అందులో ఈదుతున్న మెత్తటి ముక్కలు! అమ్మకి ఫోన్ చేస్తే "కీరాతో దోసావకాయేవిట్రా నీ మొహం!" అంది.

రెండూ దోసకాయలేగా, తేడా ఏవిటా అని వెతికితే తెలిసింది, ఈ పొరపాటు నాకన్నా చాలా పెద్దవాళ్ళే చేశారని :)

రోమన్ చక్రవర్తి టైబీరియస్ (పాలన క్రీ.శ. 14-37) కి రోజూ భోజనంలో "కుకుమిస్" ఉండాల్సిందేనట. తోటమాలులు చక్రాల మీద మళ్ళు కట్టి ఎండలోకి తోసేవారనీ, చలిరోజుల్లో వెలుతురు దూరే రాతి పలకల కిందకి లాగేవారనీ ప్లినీ రాశాడు. దాన్ని తరువాతివాళ్ళు కీరా అని అనువదించుకుంటూ పోయారు. హారీ పారిస్, జూల్స్ జానిక్ అనే పరిశోధకులు పాత వర్ణనలూ బొమ్మలూ పరిశీలించి 2008లో చెప్పిందేమిటంటే, అది కీరా కాదు, పొడుగ్గా నూగుతో ఉండే ఒక రకం ఖర్బూజా! ఢిల్లీలో ఎండాకాలం బళ్ళమీద అమ్మే కక్డీ దాని చుట్టమే.

1753లో లినేయస్ కీరానీ, ఖర్బూజానీ ఒకే ప్రజాతిలో రెండు వేరు జాతులుగా పెట్టాడు. కీరాకి 7 జతల క్రోమోజోములు, ఖర్బూజాకి 12. రెండూ సంకరం కావు. కీరా అడవి చుట్టం ఇప్పటికీ హిమాలయాల కింది కొండల్లో చేదుగా కాస్తుంది. మరి మన గుండ్రటి పసుపుపచ్చ దోసకాయ? దాన్ని ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఖర్బూజా జాతిలోనే, తీపిలేని కూర రకంగా లెక్కేస్తున్నారు. ఒకే వేరియబుల్ పేరు, రెండు వేరే ఆబ్జెక్టులు. నా డబ్బాలో బగ్ అదే. కీరాలో 95 శాతం నీళ్ళే, ఉప్పు తగలగానే బయటికొచ్చేస్తాయి. దోసకాయ కండ గట్టిది, పైగా కాస్త పులుపు. తట్టుకుంటుంది.

ఇంకో చిన్న సంగతి. మిరపకాయ మనకి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. కానీ ఆవకాయ అన్న పేరులో మిరప లేదు, ఆవ ఉంది. మిరప రాకముందు ఘాటుకి ఆవాలు, మిరియాలే దిక్కు కదా. దోసావకాయకి అసలు కోడు ఆవపిండే, కారం తరువాతి వెర్షన్లో కలిసిన ఫీచర్ అని నాకనిపిస్తుంది.

రెండోసారి మార్కెట్ వీధిలో వెతికితే ఒక బండి మీద "మంగళూరు సౌతెకాయి" అన్న పేరుతో మన దోసకాయ దొరికింది. అమ్మ చెప్పినట్టు ప్రతి కాయా చేదు చూసి, తడి తుడిచి, చెక్కు తియ్యకుండా కోసి కలిపాను. ఆ వీగన్ కొలీగ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నా బాధల్లా ఒకటే. సూపర్ మార్కెట్లో ఏడాదంతా కీరా దొరుకుతుంది, దోసకాయ కోసం వీధులు తిరగాలి. విత్తనాన్ని బతికించేది మ్యూజియం కాదు, వంటిల్లు. మనం వండటం మానేస్తే రైతు వెయ్యడం మానేస్తాడు. అప్పుడు మన పిల్లలకి దోసకాయంటే కీరాయే. టైబీరియస్ "కుకుమిస్" గతే దీనికీ పడుతుంది: పేరు మిగులుతుంది, కాయ మారిపోతుంది.

అందుకే ఈ ఎండాకాలం ఒక్కసారైనా పెట్టండి. అన్నట్టు, మీ ఊళ్ళో దోసకాయని ఏమంటారు?