మేడిపండుపై పడిన నింద

మేడిపండనగానే తెలుగువారికి వేమన జ్ఞప్తికి వస్తాడు. పైకి నిగనిగలాడే కపటానికి ఆ పండు మారుపేరైపోయింది. ఈ నింద న్యాయమైనదేనా?

సంస్కృతంలో మేడిని ఉదుంబరమంటారు. అమరకోశం దానికి చెప్పిన పేర్లలో రెండు గమనింపదగినవి: యజ్ఞాంగం, జంతుఫలం. మొదటిది చెట్టు పవిత్రతను, రెండవది పండులోని పురుగులను తెలుపుతుంది. ఐతరేయ బ్రాహ్మణం రాజాభిషేకానికి మేడికొయ్య ఆసనాన్ని విధించింది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, భూగర్భజలాల జాడ తెలిపే చెట్లలో మేడిని చేర్చాడు. పురుగుల సంగతి తెలిసి కూడా పూర్వులు ఈ చెట్టును తక్కువ చేయలేదు.

మేడికి పూలే కనిపించవు. అందుకే బౌద్ధ సాహిత్యంలో ఉదుంబర పుష్పం మహాదుర్లభమైన దానికి ఉపమానమైంది. నిజానికి ఆ పూలు కాయ లోపలే ఉంటాయి. కందిరీగ కుటుంబానికి దగ్గరి చుట్టమైన ఒక చిన్న కీటకం కాయ కొననున్న సన్నని రంధ్రం గుండా దూరి, పుప్పొడిని చేర్చి, గుడ్లుపెట్టి అక్కడే మరణిస్తుంది. దాని సంతానంలోని ఆడపురుగులు పుప్పొడితో మరో కాయను వెదుక్కుంటూ పోతాయి. కనుక ఆ పురుగు కుళ్ళుకు గుర్తు కాదు. అది లేనిదే మేడి విత్తనమే లేదు.

1780లలో మన సామర్లకోటలో పనిచేసిన స్కాట్లాండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, కోరమండల్ తీరపు మొక్కలపై 1795 నుండి వెలువడిన తన గ్రంథంలో ఈ చెట్టును ఫైకస్ గ్లోమరేటా అన్న పేరుతో వర్ణించాడు. 1753లో లిన్నేయస్ పెట్టిన ఫైకస్ రాసిమోసా అన్న పేరే నేడు చెల్లుతోంది.

ఆయుర్వేదంలో మర్రి, రావి, జువ్వి, గంగరావి పట్టలతోపాటు మేడిపట్టను చేర్చి పంచవల్కలమన్నారు. ఆ కషాయంతో పుండ్లు కడిగేవారు. అయితే ఈ గౌరవం మరో పొరపాటుకు దారితీయరాదు. నా ఉద్యోగకాలంలో, మధుమేహానికి మాత్రలు మానివేసి మేడిపట్ట కషాయాన్నే నమ్ముకొని, కాలిపుండు ముదిరిన తరువాత వచ్చినవారిని చూశాను. కొందరి కాలివేళ్ళు తీసివేయక తప్పలేదు. ఆ దోషం చెట్టుది కాదు; దానిపై మోయరాని భారం మోపిన మనది.

పురుగును చూసి మేడిని నిందించవద్దు. పేరును చూసి మందులు మానవద్దు.