గురునాథుడి పేరు, బిల్డ్ పాత్

తిక్కన భారతం గురించి నెల్లూరులో పుట్టిన చాటుకథ ఒకటుంది. ఆగకుండా పద్యాలు చెప్పుకుపోతున్న కవి ఒకచోట తడబడి, రాస్తున్న గురునాథుణ్ణే పేరు పెట్టి పిలిచి, ఏం చెప్పాలని అడిగాడట. లేఖకుడు ఆ మాటల్నీ రాసేశాడు. అక్కడ సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడుతున్నాడు కాబట్టి 'కురునాథా' అన్నది సంధిలో 'గురునాథా' అయిందని సరిపోయింది. నిజమో కాదో గానీ, రాసినచోటు రాసినదాంట్లోకి జొరబడటమనే సమస్యకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇది రోజూ జరిగేదే. ఏ డైరెక్టరీలో కంపైల్ చేశామో డీబగ్ సమాచారంలో నమోదవుతుంది. సీ భాషలో ఫైల్ పేరునిచ్చే మాక్రో కూడా ఆ దారిని బైనరీలోకి మోసుకెళ్తుంది. ఒకే సోర్సుని, ఒకే కంపైలర్‌తో నేను మైపాడులో, మీరు హైదరాబాదులో బిల్డ్ చేసినా, ఫోల్డర్ పేర్లు వేరైతే చాలు, హ్యాష్‌లు కలవవు. ఆ తేడా ఫోల్డర్ పేరుదా, ఎవరైనా దూర్చిన కోడ్‌దా?

ఇది ఉత్త చాదస్తం కాదు. 2020లో బయటపడ్డ సోలార్‌విండ్స్ దాడిలో దొంగ కోడ్ కలిసింది బిల్డ్ జరిగేటప్పుడే. బయటికొచ్చిన ఫైల్ మీద కంపెనీ డిజిటల్ సంతకం సక్రమంగానే ఉంది. ఇలాంటిది సోర్సు చదివితే దొరకదు. వేరే యంత్రంలో మళ్ళీ బిల్డ్ చేసి, బైట్లు పోల్చాలి.

డీబగ్ సమాచారంలో దారిని మార్చే ఆప్షన్ జీసీసీలోకి 2008లో వచ్చింది. మాక్రో సంగతి మిగిలిపోయింది. 2011 నుంచి బిట్‌కాయిన్ వాళ్ళు అందరూ ఒకేరకం వర్చువల్ మెషీన్‌లో బిల్డ్ చేసే పద్ధతి పట్టుకున్నారు. 2013లో డెబియన్ మొత్తం తన ప్యాకేజీలన్నిటికీ ఈ పని తలకెత్తుకుంది. అక్కడో తమాషా: కొన్ని ప్రోగ్రాములు తమ కంపైలర్ ఆప్షన్లని కూడా బైనరీలో దాచుకుంటాయి. దారిని చెరపమని ఇచ్చిన ఆప్షన్‌లోనే ఆ దారి ఉంటుంది కదా, మళ్ళీ లోపలికొచ్చేసేది! 2018లో జీసీసీ 8 మాక్రోలకీ డీబగ్ సమాచారానికీ కలిపి ఒకే ఆప్షన్ ఇచ్చింది.

అయినా చోటు తెలియడం అవసరమే. అందుకే డెబియన్ వాడిన పరికరాల వెర్షన్లతోబాటు బిల్డ్ దారిని కూడా బిల్డ్‌ఇన్ఫో అనే విడి ఫైల్లో రాసుకోగలదు. మన తాళపత్రాల్లోనూ అంతే: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు రాశారో లేఖకులు కావ్యం అయిపోయాక చివర్న రాసుకునేవాళ్ళు. గురునాథుడి పేరు ఉండాల్సింది అక్కడ. పద్యంలో ఇమిడిపోవడం సంధి పుణ్యం. బైనరీకి ఆ సంధి లేదు.