పాత డెస్క్‌టాప్‌కి కొత్త ప్రాణం పోయాలంటే: ఎస్‌ఎమ్‌పీఎస్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో కంప్యూటర్‌లో ఎవరూ పట్టించుకోని ఒక డబ్బా చరిత్ర చెప్పుకుందాం. ప్రాసెసర్ల చరిత్ర మీకు వంద వీడియోల్లో దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డుల సంగతి సరే సరి. కానీ కేబినెట్ వెనకాల, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ఒక ఇనప డబ్బా ఉంటుంది చూడండి, మన షాపుల భాషలో ఎస్‌ఎమ్‌పీఎస్. దాని గురించి ఎవరూ మాట్లాడరు. పాత డెస్క్‌టాప్‌లో కొత్త పార్ట్ పని చేస్తుందా లేదా అన్నది మాత్రం 40 ఏళ్లుగా చాలాసార్లు తేలుస్తున్నది అదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే వస్తున్నాయి. ఇంట్లో బతిమాలి ఒకటి కొనుక్కుని, అందులో గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకునే స్టూడెంట్స్ చాలామంది ఉన్నారు. కార్డు స్లాట్‌లో బుద్ధిగా కూర్చుంటుంది. డ్రైవర్ కూడా ఇన్‌స్టాల్ అవుతుంది. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి టప్‌మని మొత్తం ఆఫ్! అలా ఆఫ్ అయిందంటే నిజానికి మంచిదే, ఎస్‌ఎమ్‌పీఎస్ తన డ్యూటీ తాను చేసినట్టు. నాసిరకంది అయితే అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్క్‌నీ కూడా వెంటబెట్టుకుని పోతుంది. డబ్బులు పోవడం ఒకెత్తు, అందులో ఉన్న ప్రాజెక్టులు, ఫొటోలు పోవడం ఇంకొకెత్తు.

సరే, 1981కి వెళ్దాం. ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని ప్రకటించింది, మోడల్ నంబర్ 5150. లోపల ఇంటెల్ 8088 ప్రాసెసర్, 4.77 మెగాహెర్ట్జ్. బీటెక్ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో మనందరం కుస్తీ పట్టిన 8086 ఉంది కదా, దాని తమ్ముడే. దానికి హీట్ సింక్ కూడా అవసరం లేదు. మరి ఆ మొత్తం మెషీన్‌కి పవర్ ఎంత? 63.5 వాట్లు. ఇప్పుడు లాప్‌టాప్ చార్జర్ కూడా దాదాపు అంతే ఇస్తుంది.

ఈ 63.5 ఎలా వచ్చిందో విడదీసి చూస్తే అసలు కథ అర్థమవుతుంది. 5 వోల్టుల లైన్ మీద 7 ఆంపియర్లు, అంటే 35 వాట్లు. చిప్‌లన్నీ దీని మీదే బతుకుతాయి. 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు. ఇది ప్రధానంగా ఫ్లాపీ డ్రైవ్ మోటర్లకి. మిగతా కొంచెం మైనస్ వోల్టేజీలకి. ఫ్లాపీలతో నడిచినన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది హార్డ్ డిస్క్‌తో వచ్చింది. అప్పటి హార్డ్ డిస్క్ అంటే మన అరచేతిలో పట్టేది కాదు, ఇటుక కంటే పెద్దది. ఆన్ చేసిన మొదటి క్షణాల్లో దాని మోటర్ తిరగడానికి 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల కంటే ఎక్కువే లాగుతుంది. ఉన్నదే 2. అందులోనే ఫ్లాపీ డ్రైవ్‌లు కూడా వాటా అడుగుతాయి. స్లాట్ ఖాళీగా ఉంది, కంట్రోలర్ కార్డు దొరుకుతుంది, కరెంటు మాత్రం చాలదు.

1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ తెచ్చింది. 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్, పవర్ సప్లై 130 వాట్లు. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఎక్స్‌టీ పవర్ సప్లై సైజు, స్క్రూ రంధ్రాలు, కనెక్టర్లు అన్నీ పాత పీసీ వాటిలాగే ఉన్నాయి. అంటే 1981 పీసీ కొన్నవాళ్లు మెషీన్ మార్చక్కర్లేదు. నాలుగు స్క్రూలు విప్పి 130 వాట్ల డబ్బా బిగించి, హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. వేరే కంపెనీలు కూడా అదే సైజులో తయారుచేసి అమ్మడం మొదలెట్టాయి. ఐబీఎం తన మెషీన్ సర్క్యూట్ వివరాలు టెక్నికల్ మాన్యువల్‌లో అచ్చేసి మరీ అమ్మింది కాబట్టి, పార్ట్‌లు చెయ్యడం బయటివాళ్లకి కష్టం కాలేదు. "పీసీ అప్‌గ్రేడ్" అని మనం ఇవాళ తేలిగ్గా అనేస్తున్న మాటకి పునాది అక్కడ పడింది. ఎవరు చేసిన పార్ట్ అయినా సరే ఆ చోట్లో పట్టాలి, ఆ కనెక్టర్‌కి సరిపోవాలి.

1984లో వచ్చిన ఏటీకి 192 వాట్లు. ఆ కాలం కనెక్టర్ల గురించి పాత మెకానిక్‌లని అడగండి, నవ్వుతారు. మదర్‌బోర్డుకి పక్కపక్కనే రెండు ప్లగ్‌లు పెట్టాలి. అవి తారుమారైతే బోర్డు మాడిపోవచ్చు. గుర్తు ఒక్కటే, నల్ల వైర్లు రెండువైపులవీ మధ్యలో కలవాలి. ఇంత పెద్ద కంప్యూటర్ ఇండస్ట్రీ ఒక రంగు గుర్తు మీద పదేళ్లకు పైగా నడిచింది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చి ఆ గొడవ తీర్చింది. ఒకే 20 పిన్‌ల ప్లగ్, తిరగేసి పెడదామన్నా పట్టదు. విండోస్ 95లో షట్‌డౌన్ చేస్తే, ఇప్పుడు ఆఫ్ చేసుకోవచ్చు అని నారింజ రంగు అక్షరాల స్క్రీన్ వచ్చేది, మనం వెళ్లి స్విచ్ నొక్కాలి. ఏటీఎక్స్ వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆఫ్ అవడం నేర్చుకుంది.

అసలు మలుపు మాత్రం 2000 సంవత్సరం. పెంటియం 4 వచ్చింది. అప్పటిదాకా ప్రాసెసర్‌కి కరెంటు ఎక్కువగా 5 వోల్టుల లైన్ నుంచో, 3.3 నుంచో తీసుకునేవారు. ప్రాసెసర్ ఆకలి 50 వాట్లు దాటాక 5 వోల్టుల్లో పంపాలంటే 10 ఆంపియర్లకు పైనే కావాలి. అంత కరెంటు సన్నటి పిన్‌లలో పంపితే వేడెక్కుతాయి. అదే పవర్ 12 వోల్టుల్లో పంపితే కరెంటు సగానికంటే తగ్గిపోతుంది. అందుకే 12 వోల్టుల కోసం విడిగా నాలుగు పిన్‌ల చిన్న ప్లగ్ పెట్టారు. ఇప్పటికీ మీ మదర్‌బోర్డులో ప్రాసెసర్ పక్కన ఉండే ప్లగ్ దాని వారసత్వమే.

దీని ఫలితం చూడండి. 1998 నాటి 300 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్, 2004 నాటి 300 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్, రెండింటి మీదా నంబర్ ఒకటే. మొదటిదాని బలమంతా 5, 3.3 వోల్టుల్లో ఉంది, రెండోదాని బలం 12లో ఉంది. పాతదానితో కొత్త బోర్డు నడపబోతే, లెక్క ప్రకారం వాట్లు సరిపోయినా మెషీన్ నిలబడదు. పాత డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్‌లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. "ఎన్ని వాట్లు?" అని అడిగే మనం "12 వోల్టుల మీద ఎంత?" అని అడగం.

గ్రాఫిక్స్ కార్డులదీ అదే దారి. 2000లో వూడూ 5 5500 కార్డుకి స్లాట్ పవర్ చాలక హార్డ్ డిస్క్‌కి పెట్టే ప్లగ్ తగిలించారు. దాని పెద్దన్న 6000 మోడల్‌కి అయితే గోడ సాకెట్ నుంచి విడిగా ఒక అడాప్టరే పెట్టాలని చూశారు. అది మార్కెట్లోకి రాకుండానే కంపెనీ పనైపోయింది. తర్వాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చి లెక్కలు తేల్చింది. స్లాట్ నుంచి 75 వాట్ల దాకా, ఆరు పిన్‌ల ప్లగ్ నుంచి ఇంకో 75, ఎనిమిది పిన్‌లదైతే 150. గమనించారా, ఒక్క స్లాట్ ఇచ్చేదే 1981 నాటి ఐబీఎం పీసీ మొత్తం పవర్ కంటే ఎక్కువ!

ఇక ఆఫీస్ డెస్క్‌టాప్‌ల సంగతి. ఇందాక చెప్పానే, ఎవరి పార్ట్ అయినా పట్టాలి అనే పద్ధతి, దాన్ని కొన్ని పెద్ద కంపెనీలు మధ్యలో వదిలేశాయి. 1990ల చివర్లో డెల్ కొన్ని మోడళ్లలో చూడ్డానికి అచ్చం ఏటీఎక్స్ ప్లగ్ లాంటిదే పెట్టి, లోపల వైర్ల వరస మార్చేసింది. బయట కొన్న మామూలు ఎస్‌ఎమ్‌పీఎస్ తగిలిస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం. ఇప్పటి బ్రాండెడ్ ఆఫీస్ మెషీన్లలో చాలావాటికి ప్లగ్‌లే వేరు, డబ్బా సైజే వేరు. కొత్తది వెయ్యాలంటే అడాప్టర్ వైర్ వెతుక్కోవాలి, లేదా అసలు కుదరదు. మెషీన్ చవగ్గా వచ్చిందని సంతోషించే ముందు కవర్ తీయించి ఆ ప్లగ్ చూడండి.

ఇలాంటి మెషీన్ల వల్లే 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ అంత పేరు తెచ్చుకుంది. అది 75 వాట్ల కార్డు, చాలా మోడళ్లకి విడిగా ప్లగ్ అక్కర్లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చలేని డెస్క్‌టాప్‌ల వాళ్లకి అది పండగ.

అసెంబుల్డ్ మెషీన్ అయితే మార్చడం తేలికే. సికింద్రాబాద్ సీటీసీలో అయినా, మీ ఊళ్లో షాపులో అయినా, కేబినెట్‌తో పాటు వచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ అంటే జాగ్రత్త. పక్కన లేబుల్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉందనుకోండి, పన్నెండు పదహార్లు 192. అంటే పైన 450 అని రాసినా, 12 వోల్టుల మీద దొరికేది 1984 నాటి ఏటీ మొత్తం సామర్థ్యమంత! 80 ప్లస్ స్టిక్కర్ కూడా చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే, మిగతా క్వాలిటీకి అది గ్యారంటీ కాదు.

పై చివర చూస్తే, 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 ఒక్కటే 450 వాట్ల కార్డు. దానికోసం ఒకే ప్లగ్‌లో 600 వాట్ల దాకా పంపే కొత్త 16 పిన్‌ల కనెక్టర్ తెచ్చారు. కొంతమంది కార్డుల దగ్గర ఆ ప్లగ్ కరిగిపోయింది. ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లకపోవడం ఒక కారణమని తేల్చి, తర్వాత పిన్‌ల పొడవులు మార్చి సవరించిన డిజైన్ తెచ్చారు. నల్ల వైరు పక్కన నల్ల వైరు చూసుకున్న మెకానిక్‌కీ, ప్లగ్ లోపలికంటా దిగిందా అని టార్చ్ వేసి చూసుకుంటున్న గేమర్‌కీ మధ్య దాదాపు 40 ఏళ్ల దూరం.

మీ డెస్క్‌టాప్ ఎస్‌ఎమ్‌పీఎస్ లేబుల్ ఫొటో తీసి, 12 వోల్టుల గడి చదివి, ఆంపియర్లని 12తో గుణించి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ నంబర్ పక్కన పెట్టుకునే ఏ కార్డు కొనొచ్చో లెక్క వేద్దాం. ఉంటాను మరి.